గోదావరి నీళ్లు తాగిన ద్రాక్ష

నాసిక్. ఫిబ్రవరి నెల, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గంగాపూర్ డ్యామ్ మీంచి వచ్చే గాలికి చెవులు జివ్వుమంటున్నాయి. రాజమండ్రిలో మనం దణ్ణం పెట్టుకునే గోదావరే ఇది. త్ర్యంబకంలో పుట్టి నాలుగడుగులు వేసిందో లేదో, ఇక్కడ డ్యామ్‌లో ఆగింది. దాని పక్కనే ద్రాక్షతోటలు.

వరసల మధ్య కత్తెరల చప్పుడు తప్ప మాట వినిపించడం లేదు. ఎండెక్కితే పండు వేడెక్కుతుంది, రసం బుట్టలోనే పులవడం మొదలెడుతుంది. అందుకే అంత తొందర. ఫ్రాన్సులో చలికాలమంతా తీగ నిద్రపోతుంది, అక్కడ కోతలు వేసవి చివర మొదలవుతాయి. ఇక్కడ తీగను నిద్రపుచ్చే చలి లేదు. కోతయ్యాక వేసవిలో ఓసారి, వానలు తగ్గాక కాపు కోసం మరోసారి కత్తిరిస్తారు. కోతలేమో జనవరి నుంచి మార్చి దాకా.

ఒక పండు తెంపి నోట్లో వేసుకోండి. ఇది షెనిన్ బ్లాంక్, ఫ్రాన్సులోని లువార్ లోయ రకం. మన అనాబెషాహీలా కండపట్టి ఉండదు. చిన్న పండు, లోపల గింజలు. ముందు తీపి, వెనకే నాలుక అంచుల్ని పట్టే పులుపు. గింజ కొరకండి. ఆకుపచ్చ పోయి గోధుమరంగుకు తిరిగి కరకరలాడిందంటే పక్వానికొచ్చినట్టే. 1997లో రాజీవ్ సామంత్ ఇక్కడ సులా తోట మొదలుపెట్టినప్పుడు నాటించినవి ఈ రకమూ, సావిన్యాన్ బ్లాంకూ.

పక్క వరసలో నల్లగా నిగనిగలాడుతున్నది షిరాజ్. ఒకటి చిదమండి. వేళ్లకంటిన రసానికి రంగే లేదు! రంగంతా తోలులోనే ఉంది. అందుకే ఎర్ర వైన్‌కి తోలుతో సహా పులియబెడతారు. రంగుతో పాటు వగరూ దిగుతుంది. తెల్ల వైన్‌కి ముందే పిండి, తోలు పక్కన పెట్టి, రసాన్ని మాత్రమే స్టీలు ట్యాంకుల్లోకి పంపుతారు. ట్యాంకు మీద చెయ్యి వేస్తే చల్లగా తగులుతుంది. వేడి పెరిగితే పండు వాసన ఎగిరిపోతుందని ఆ జాగ్రత్త.

మధ్యాహ్నం, వైనరీ పైన బాల్కనీ. ఎదురుగా తోట, దాని వెనక నీళ్లు. మూడు గ్లాసులొచ్చాయి. సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి జామకాయ, అప్పుడే కోసిన గడ్డి వాసన. షెనిన్‌లో అనాస, కాస్త తీపి. షిరాజ్‌లో మిరియాల ఘాటు. పక్క బల్ల దగ్గర తెలుగు వినిపిస్తోంది.

"బావా, కారంగా ఉన్న కోడి వేపుడికి ఎర్రదే కరెక్టు."

"ఏం కరెక్టురా, నోరు మండిపోతోంది!"

బావగారి మాటే నిజం. షిరాజ్ వగరూ, ఆల్కహాలూ మిరపకారాన్ని మరింత రెచ్చగొడతాయి. అదే వేపుడు ముక్క తిని చల్లటి షెనిన్ ఒక గుక్క వేయండి. ఆ కాస్త తీపి మంటను సర్దేస్తుంది, పులుపు నూనె జిడ్డును కడిగేస్తుంది. నాసిక్ మిసళ్ పావ్‌కీ ఇదే జోడీ. నిమ్మకాయ పిండిన చేప వేపుడికి సావిన్యాన్ బ్లాంక్ నప్పుతుంది. గోంగూరకూ అంతే, ఎందుకంటే కూర పులుపు ముందు వైన్ పులుపు తీసిపోతే అది చప్పగా నీళ్లలా ఉంటుంది. షిరాజ్‌ను నిప్పుల మీద కాల్చిన, కారం తక్కువ మటన్ చాప్స్‌కి దాచుకోండి. మాంసం, కొవ్వు దాని వగరును మెత్తబరుస్తాయి.

తాగే అలవాటున్న ఇంటికి ఇక్కణ్నుంచి ఒకే సీసా తీసుకెళ్లాలంటే, ఎర్రదాని హోదాకు లొంగకుండా షెనిన్ బ్లాంకే కొనండి. ఫ్రిజ్‌లో బాగా చల్లబరచండి. మూత తీశాక రెండు మూడు రోజుల్లో ముగించండి. మన కారానికి తట్టుకునేది అదే.