బత్తాయికి యూరియా ఒక్కటే చాలదు

కొత్తకోట: ఎర్ర చల్క నేలలు నీటినీ, వేసిన నత్రజనినీ ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు. ఇటువంటి నేలల్లో బత్తాయి చెట్టు పచ్చగా కనిపించాలని ఒకేసారి యూరియా గుమ్మరిస్తే, కొంత భాగం నీటితోపాటు వేళ్లకు అందని లోతుకు దిగిపోతుంది. మిగిలినది కాయకంటే ఆకునే ఎక్కువగా పెంచుతుంది. నత్రజని మితిమీరితే తొక్క మందమై గరుకుబారుతుంది, రంగు తిరగడం ఆలస్యమవుతుంది. అటువంటి సరుకుకు ధరలో కోత తప్పదు.

అయిదేళ్లు, ఆపైబడిన చెట్టుకు ఏడాదికి 1,500 గ్రా. నత్రజని, 350 గ్రా. భాస్వరం, 400 గ్రా. పొటాష్ అవసరమని సిఫార్సు. మొదటి ఏడు ఇందులో అయిదో వంతు ఇచ్చి, ఏటా అంతే పెంచుతూ రావాలి. నత్రజని మొత్తాన్నీ యూరియా రూపంలో ఇవ్వరాదు. నాలుగో వంతు పశువుల ఎరువు, మరో నాలుగో వంతు వేప లేక ఆముదపు పిండి ద్వారా అందించి, మిగిలిన సగానికే యూరియా వాడాలి. ఆ లెక్కన చెట్టుకు 1.6 కిలోల యూరియా సరిపోతుంది. వంద చెట్లకు 45 కిలోల బస్తాలు నాలుగు కూడా పట్టవు. దీనికితోడు చెట్టుకు 2.2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, సుమారు 670 గ్రా. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయాలి. కాయ సైజుకు పొటాష్ కీలకం. ఖర్చు తగ్గించుకోవాలని రైతులు ముందుగా మానేసేదీ దీన్నే.

రసాయనిక ఎరువులను రెండు సమభాగాలు చేసి డిసెంబరు-జనవరిలో పూతకు ముందు ఒకసారి, జూన్-జులైలో మరోసారి వేయాలి. చాలామంది చెట్టు మొదట్లోనే పోస్తారు. ఎరువును పీల్చుకునే పిల్లవేళ్లు అక్కడ ఉండవు. మొదలుకు 120 సెం.మీ. దూరంలో, కొమ్మల నీడ పడే మేర పాదులో చల్లి, పైపైన మట్టిలో కలిపి వెంటనే నీరు కట్టాలి. లోతుగా తవ్వితే వేళ్లు తెగుతాయి.

ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరిగితే అది జింకు లోపం. దీనికి ఎంత యూరియా వేసినా ఫలితం ఉండదు. లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రా., మాంగనీసు, మెగ్నీషియం, ఫెర్రస్ సల్ఫేట్లు 2 గ్రా. చొప్పున, బోరాక్స్ 1 గ్రా., సున్నం 6 గ్రా., యూరియా 10 గ్రా. కలిపి కొత్త చిగుళ్లపై పిచికారీ చేయాలి.

ఎరువులు కొనేముందే మట్టి పరీక్ష చేయించడం మేలు. మదనాపురంలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, చేరువలోని మోజెర్ల ఉద్యాన కళాశాలలోనూ శాస్త్రవేత్తలను సంప్రదించవచ్చు.