చారిత్రక వ్యక్తులపై వ్యాసాలు – అంతర్జాల ఆధారాల ఎంపిక

చారిత్రక వ్యక్తిపై విజ్ఞాన సర్వస్వ వ్యాసం రాసేటప్పుడు, అంతర్జాలంలో దొరికే సమాచారంలో దేనిని స్వీకరించాలో, దేనిని వదిలివేయాలో నిర్ణయించే పద్ధతిని ఆధారాల ఎంపిక అంటారు. ఆ వ్యక్తి కాలానికే చెందిన శాసనాలు, ఉత్తరాలు, రాజపత్రాలు, యాత్రికుల కథనాలు ప్రాథమిక ఆధారాలు. వాటిని పరిశీలించి తరువాతి చరిత్రకారులు రాసిన గ్రంథాలు ద్వితీయ ఆధారాలు. ఈ గ్రంథాలను సంగ్రహించే పాఠ్యపుస్తకాలు, విజ్ఞాన సర్వస్వాలు తృతీయ ఆధారాలు. వెబ్‌సైటుకున్న పేరును బట్టి అందులోని సమాచారమంతటినీ ఒకే తీరుగా నమ్మడం గాని, తోసిపుచ్చడం గాని సరికాదు. ఒక్కొక్క విషయం ఎక్కడ పుట్టి, ఎవరి ద్వారా ఆ పుటకు చేరిందో చూడవలసి ఉంటుంది. కాకతీయ పాలకురాలు రుద్రమదేవి మరణ తేదీ విషయంలో ఈ అవసరం స్పష్టంగా కనిపిస్తుంది.

ఆమె 1289 నవంబరు 27న మరణించినట్లు అంతర్జాలంలో చాలాచోట్ల రాసి ఉంటుంది. ఈ తేదీకి మూలం నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన శాసనం. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరగా, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథ దేవునికి భూమిని దానం చేసినట్లు అందులో ఉంది. కాబట్టి శక సంవత్సరం 1211కు చెందిన ఆ తేదీ దానం జరిగిన రోజును తెలుపుతుందే తప్ప మరణించిన రోజును కాదు. అప్పటికే ఆమె మరణించిందనడానికి మాత్రం అది తిరుగులేని సాక్ష్యం. కాయస్థ నాయకుడు అంబదేవుడితో జరిగిన యుద్ధంలో ఆమె, సేనాని కలిసి మరణించి ఉంటారన్నది చరిత్రకారుల ఊహ. బలమైన ఊహే అయినా శాసనంలో ఆ మాట లేదు గనుక, వ్యాసంలో దానిని చరిత్రకారుల అభిప్రాయంగానే చెప్పాలి. ఈ శాసనం వెలుగులోకి రాకముందు వెలువడిన పుస్తకాలు ఆమె పాలనను 1295 ప్రాంతం వరకు పొడిగించాయి. కాపీహక్కుల గడువు తీరిన పాత పుస్తకాలే అంతర్జాలంలో ఉచితంగా, సులభంగా దొరుకుతాయి గనుక, కాలం చెల్లిన అభిప్రాయాలకే అక్కడ ప్రచారం ఎక్కువ.

సమకాలీన కథనమైనంత మాత్రాన ప్రతి మాటా నిజం కానక్కరలేదు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని వర్ణిస్తూ, అక్కడి రాణి, అంటే రుద్రమదేవి, తన భర్త మరణించాక నలభై ఏళ్లుగా పాలిస్తున్నదని చెప్పాడు. హెన్రీ యూల్ ఆంగ్లానువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉంది. పోలో గ్రంథం ఏమంటున్నదో తెలుసుకోవడానికి ఆ పాఠం పనికివస్తుంది. అయితే గుంటూరు ప్రాంతపు మల్కాపురం శాసనం (1261) రుద్రమను గణపతిదేవుని కూతురిగానే పేర్కొంటుంది. 1262 ప్రాంతంలో మొదలైన ఆమె స్వతంత్ర పాలనకు నలభై ఏళ్ల లెక్క కూడా కుదరదు. తండ్రిని భర్తగా పొరబడిన ఈ యాత్రికుడి మాట వాణిజ్యం, వజ్రాలు, సన్నని వస్త్రాల విషయంలో విలువైనదే కాని, వంశవృక్షానికి అక్కరకు రాదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి నిధులు గ్రంథాలయాల వంటివి. అక్కడ ఉన్న పుస్తకానికి ఆ సంస్థ పూచీ పడదు. కాకతీయుల విషయంలో అక్కడ వెతకవలసినవి ఎపిగ్రాఫియా ఇండికా, సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ వంటి శాసన సంపుటాలు. వాటితోపాటు పి. వి. పరబ్రహ్మశాస్త్రి, సింథియా టాల్బట్ వంటి పరిశోధకుల గ్రంథాలు చదవనిదే శాసన పాఠానికి సొంతంగా అర్థం చెప్పబూనడం ప్రమాదకరం. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము కాకతీయ రాజ్యం పతనమయ్యాక చాలా కాలానికి పుట్టిన రచన. తరువాతి తరాలు ఆ వంశాన్ని ఎలా తలచుకున్నాయో అది చెబుతుంది. 2015 నాటి రుద్రమదేవి చలనచిత్రంలోని కల్పనలు చరిత్ర పేరుతో తిరుగుతున్నందున, వాటిని వేరుచేయడం వ్యాసకర్తకు అదనపు శ్రమ.

మరొక చిక్కు చక్రీయ ఆధారం. వికీపీడియాలోని వాక్యాన్ని ఒక పత్రిక మూలం చెప్పకుండా తీసుకుంటుంది, కొన్నాళ్లకు ఆ పత్రికనే వికీపీడియా ఆధారంగా చూపుతుంది. అప్పుడు రెండు చోట్ల ఉన్నా సాక్ష్యం ఒక్కటే. పది సైట్లలో ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పుతో కనిపిస్తే అవి పది ఆధారాలు కావు.

వెతికే పేరును బట్టి కూడా పొరపాట్లు వస్తాయి. రుద్రమదేవి కొన్ని శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా, పురుషనామంతో కనిపిస్తుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు ఆమెకు సుమారు శతాబ్దం ముందువాడు. పేరు ఆధారంగా మాత్రమే వెతికితే ఒకరి శాసనం మరొకరి ఖాతాలో పడుతుంది కాబట్టి, ప్రతి ప్రస్తావననూ శక సంవత్సరంతో సరిచూడాలి. శక సంఖ్యకు 78 గాని, సంవత్సరం చివరి నెలలైతే 79 గాని కలిపితే క్రీస్తుశకం వస్తుంది.