ఈగను గట్టిన గాలము



లేడి చెవిచేతను, ఏనుగు స్పర్శచేతను, మిడుత కంటిచేతను, తుమ్మెద ముక్కుచేతను, మీనము నాలుకచేతను చెడునని మన శాస్త్రములు చెప్పుచున్నవి. మా దేవరాపల్లి చెంత శారదానదిలో వానపామును గ్రుచ్చి గాలము వేయువారిని చూచినపుడు ఈ మాట నిజమే యని తోచును. కాని చేపను నాలుకచేత గాక కంటిచేత మోసగించు విద్య యొకటి కలదు. దాని చరిత్రను నేడు మనవి చేసెదను.

క్రీస్తుశకము 3వ శతాబ్ది నాటి ఈలియను అను రోము దేశపు రచయిత మాసిడోనియాలోని అస్త్రేయసు నదిని గూర్చి వ్రాసెను. అందలి చుక్కల చేపలు నీటిపై నాడు ఒకజాతి ఈగను తినును. జాలరులు ఆ ఈగను పట్టి గాలమునకు గ్రుచ్చరు. ఏలయన, మనుష్యుని చేయి సోకినంతనే దాని వన్నె తగ్గి, ఱెక్కలు వాడిపోవును. కావున వారు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు గడ్డము క్రింద పెరుగు మైనపు రంగు ఈకలు రెండు కట్టిరి. ఆరడుగుల కఱ్ఱ, అంతియ పొడవు త్రాడు. ఇదియే వారి సాధనము.

ఇందలి యుక్తిని గమనింపుడు. ఆ బొమ్మ యీగ మన కంటికి అందముగా నుండ నక్కఱలేదు. పరిమాణమున, రంగున, నీటిపై తేలు తీరున చేప కంటికి ఆహారమువలె నుండవలెను. ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు గ్రంథము పండ్రెండు ఈగలను వర్ణించి, ఏ నెలకు ఏది తగునో చెప్పినది. కార్తెను బట్టి పురుగు పుట్టుననుట మన రైతు లెఱిగినదే కదా!

మన దేశమున కల్యాణ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు (1126–1138) మానసోల్లాసమున మత్స్యవినోదమను భాగమును వ్రాసి, చేపల జాతులను, వాని మేతలను, గాలపు సాధనములను వివరించెను. ఇది నాలుకవిద్య.

కంటివిద్య తెల్లవారితో వచ్చినది. మన విశాఖమండలము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1863 మొదలు ఫ్రాన్సిస్ డే నీలగిరులకు ట్రౌటు చేపలను తేజూచి విఫలుడయ్యెను. 20వ శతాబ్ది తొలి దశకమున విల్సన్ అవలాంచి యొద్ద ఆ చేపలను నిలిపెను. వానికి చల్లని నీరు కావలెను. మన శారదలో బ్రతుకవు.

అయిన ఈ కథ మనకేల? అస్త్రేయసు జాలరుల పేర్లు ఎవరికిని తెలియవు. వారి తెలివి మాత్రము ఒకడు వ్రాసినందున నిలిచినది. నేను పెక్కేండ్లు బడిలో జాలరుల బిడ్డలచేత పద్యములు వల్లె వేయించితిని. "నాయనా, మీ తండ్రి ఏ కార్తెలో ఏ చేపకు ఏ ఎర గ్రుచ్చును?" అని ఒక్కనాడును అడుగనైతిని. ఆ తప్పు నాది. ఆ తండ్రులలో పెక్కుమంది నేడు లేరు. రైవాడ జలాశయము కట్టిన పిమ్మట నదియు పూర్వపు నది కాదు.

మీ యూళ్లలో గాలము పట్టిన వృద్ధు లింకను ఉందురు. వారి చెంత కూర్చుండి, అడిగి, ఒక పుస్తకమున వ్రాసియుంచుడు.