గర్భవృద్ధిజ్ఞాన చరిత్రము

గర్భిణి యుదరము నెలనెలకు పెరుగుట మన కందరకు పరిచితమైన విషయమే. అయినను ఆ యుదరములో నేమి జరుగుచున్నదో మానవుడు కన్నులార చూచి తెలిసికొనుటకు వేలకొలది సంవత్సరములు పట్టినది. తెలియని కాలమున ఊహ శాస్త్రపీఠము నధిష్ఠించెను. తెలిసిన పిమ్మటను ఆ యూహ మన యిండ్లను వదలలేదు. కావున నీ చరిత్రమును సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున నుదాసీనులు కారు. సుశ్రుతసంహిత శారీరస్థానమున పిండవృద్ధి మాసక్రమమున వర్ణింపబడినది. మూడవ మాసమున కరచరణ శిరస్సుల మొలకలు పొడచూపుననియు, నాలుగవ మాసమున హృదయము వ్యక్తమగుననియు, అందుచే గర్భిణి రెండు హృదయములు గలదియై దౌహృదిని యనబడుననియు నందు గలదు. ఆమె కోరికలను త్రోసిపుచ్చరాదను విధి యెంత దయాపూర్ణము! కాని యా గ్రంథముననే రెండవ మాసపు పిండము గుండ్రముగ నుండిన మగశిశు వనియు, పొడవుగ నుండిన నాడుశిశు వనియు వ్రాయబడినది. ఈ లోపము మనవారి కొక్కరికే చెందినది కాదు. యవనదేశపు హిపోక్రటీసు పేర వెలసిన సూత్రములును మగపిండము కుడివైపునను, ఆడుపిండము ఎడమవైపునను నుండునని చెప్పుచున్నవి.

ఐరోపా ఖండమున లియొనార్డో దావించి 1511 ప్రాంతమున గర్భాశయమందు ముడుచుకొనియున్న శిశువును చిత్రించెను. అయితే మావిని మాత్రము ఆవు మావివలె చూపెను. ఆ చిత్రములు ఆయన జీవితకాలమున ప్రకటింపబడలేదు. 1774 లో విలియం హంటరు 34 చిత్రఫలకములతో గర్భాశయ గ్రంథమును ప్రచురించిన తరువాతనే వైద్యలోకమునకు నిజరూపము కనబడెను. ఆ ఫలకములకు ఆధారము గర్భముతోనే మరణించిన స్త్రీల శరీరములు. గ్రంథముపై హంటరు పేరు గలదు. ఆ తల్లుల పేర్లు అందు లేవు. మన విజ్ఞానము వారికి ఋణపడియున్నది.

మృతదేహము నుండి జీవించియున్న తల్లివైపునకు శాస్త్రము మరలుట పందొమ్మిదవ శతాబ్దిలో జరిగెను. 1818 లో జెనీవా శస్త్రవైద్యుడు మేయరు గర్భిణి యుదరముపై చెవి నుంచి శిశువు గుండెచప్పుడు విన్నట్లు ప్రకటించెను. 1895 లో పినార్డు అందులకై చిన్న కొమ్ముబూరవంటి సాధనమును చేసెను.

క్రమముగా ఉదరవృద్ధికి లెక్కయు నేర్పడినది. గర్భము లేనప్పుడు 70 గ్రాముల మాత్రముండు గర్భాశయము నెలలు నిండునప్పటికి సుమారు 1,100 గ్రాములగును. 12 వారములకు పొత్తికడుపు క్రింది యెముకపైకి వచ్చును. 20 వారములకు బొడ్డునంటును. 36 వారములకు రొమ్ముటెముక కొనను చేరును. పిదప శిశువు తల కటిలోనికి దిగగా ఉదరము కొంచెము క్రుంగును. 'కడుపు జారినది' అని మన పల్లెటి ముత్తైదువలు చెప్పునది దీనినే. వారి చూపు తప్పు కాదు. 24 వారముల తరువాత, క్రింది యెముకనుండి గర్భాశయపు పై యంచు వరకు టేపుతో కొలిచిన సెంటిమీటర్లు ఇంచుమించుగ వారముల సంఖ్యకు సరిపోవును. మిక్కిలి తగ్గిన శిశువు పెరుగుదల కుంటుపడి యుండవచ్చును. మిక్కిలి హెచ్చిన కవలలో, అధికమైన ఉమ్మనీరో కారణము కావచ్చును. అట్టియెడ వైద్యుని చూడవలెను.

ఇక ఉదరపు ఆకారమందురా, అది తల్లి పొడవు, కండరముల బిగువు, కాన్పుల సంఖ్య, శిశువున్న తీరు వీనిని బట్టి మారును. ఆడు, మగ భేదముతో దానికి సంబంధము లేదు. ఆ భేదము తండ్రి బీజమువలన గర్భధారణ సమయముననే నిర్ణయమగును. అయినను నింద తల్లికే!

1958 లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు, ఆయన సహచరులు, లోహములలోని లోపములను కనిపెట్టు ధ్వనితరంగములతో ఉదరాంతర్భాగమును చూచిన వృత్తాంతమును ప్రకటించిరి. తల్లిబిడ్డలను కాపాడుటకు వచ్చిన ఆ నేత్రమును మనదేశమున పలువురు ఆడుశిశువును వెదకి తొలగించుట కుపయోగించిరి. 1994 లో లింగనిర్ధారణను నిషేధించుచు శాసనము చేయవలసివచ్చెను. ఆరేండ్ల లోపు బాలురు వేయిమందికి బాలికలు 1991 లో 945 మంది. 2001 లో 927 మంది. సాధనము మారినది, పాత కోరిక మారలేదు.

సోదరీ సోదరులారా! ఇంట గర్భిణి యున్నప్పుడు ఆమె కడుపు ఎత్తుగానున్నదా, వెడల్పుగానున్నదా యని పుత్రుని వెదకుట మాని, అది నెలకు తగినట్లు పెరుగుచున్నదా, ఆమెకు తగిన ఆహారమును విశ్రాంతియు దొరకుచున్నవా యని అడుగుడు. రెండు హృదయములు గలదని మన పెద్దలు పేరిడిన యామె యెడల మన కుండవలసిన ధర్మ మిదియే.