నిరుద్యోగ భృతి (ఉపాధి హామీ చట్టం)

నిరుద్యోగ భృతి అనగా, పని కోరినవారికి గడువులోగా పని చూపలేనప్పుడు ప్రభుత్వం చెల్లించవలసిన సొమ్ము. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 7వ సెక్షను దీనిని గ్రామీణ కుటుంబాలకు హక్కుగా ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైన తొలి 200 జిల్లాలలో అప్పటి ఆంధ్ర ప్రదేశ్ లోని నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలు కూడా ఉన్నాయి.

నేపథ్యము

ఈ రెండు జిల్లాల మెట్ట ప్రాంతాలలో సాగు చాలావరకు వర్షంపైనే ఆధారపడేది. వ్యవసాయ పనులు లేని నెలలలో కూలీలు వలస పోయేవారు. మహబూబ్ నగర్ కూలీలు గుంపు మేస్త్రీల వద్ద అడ్వాన్సు తీసుకొని, దూర రాష్ట్రాలలో ఆనకట్టల, కాలువల మట్టిపనులకు వెళ్ళేవారు. వీరికే "పాలమూరు లేబరు" అని పేరు. అడ్వాన్సు తీరేవరకు కూలి రేటుపై బేరమాడే అవకాశం వారికి చాలా తక్కువ.

నిబంధనలు

2005 చట్టం ప్రకారం, దరఖాస్తు చేసిన 15 రోజులలోగా పని ఇవ్వకపోతే భృతి చెల్లించాలి. ఆర్థిక సంవత్సరంలో మొదటి 30 రోజులకు ఇది కూలి రేటులో నాలుగో వంతుకు, ఆ తరువాతి కాలానికి సగానికి తగ్గరాదు. కూలి సొమ్ము కేంద్రం భరించగా, భృతి భారం రాష్ట్రంపై ఉండేది. కనుక భృతి ఇవ్వడం కంటే పని చూపడమే రాష్ట్రానికి లాభం. చూపిన పనికి 15 రోజులలోగా రానివారు 3 నెలలపాటు భృతికి అనర్హులు. అయితే పని కోరే హక్కు వారికి ఉండేది.

నిరుద్యోగ బీమాతో పోలిక

నిరుద్యోగ బీమాలో సాధారణంగా యజమాని, కార్మికుడు లేదా ఇద్దరూ ముందుగా చందా చెల్లిస్తారు. ఉద్యోగం పోయినప్పుడు కార్మికునికి కొంతకాలం పరిహారం లభిస్తుంది. 2018లో ఈ.ఎస్.ఐ. క్రింద మొదలైన అటల్ బీమిత వ్యక్తి కళ్యాణ్ యోజన ఇటువంటిదే. కాని అది ఈ.ఎస్.ఐ.లో బీమా పొందిన కార్మికులకు మాత్రమే వర్తిస్తుంది. వ్యవసాయ కూలీలకు దానికి దగ్గరగా ఉన్నది చందా లేని ఈ భృతియే.

కూలి రేట్లపై ప్రభావము

దిక్కుతోచని స్థితిలో ఉన్నవారు ఎంత తక్కువ కూలికైనా ఒప్పుకుంటారు. ఆధారం ఉన్నవారు మంచి పని కొరకు కొన్నాళ్ళు వేచి ఉండగలరు. పరిహారం దీర్ఘకాలం అందితే పని వెదకడం మందగిస్తుందని బీమాపై ఒక విమర్శ ఉన్నది. ఉపాధి హామీ విషయంలో, నాట్ల కాలంలో కూలీలు దొరకడం లేదని రైతులు ఫిర్యాదు చేసేవారు.

నల్గొండతో సహా 8 జిల్లాలలోని 157 మండలాలలో ఉపాధి హామీ అమలును స్మార్టుకార్డులతో మెరుగుపరచి ఫలితాలను పరిశీలించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన ఈ అధ్యయనం 2023లో ప్రచురితమైనది. ఇది భృతిపై కాక, మొత్తం పథకంపై జరిగినది. దీని ప్రకారం లబ్ధిదారుల కుటుంబాల ఆదాయం 14% పెరిగింది. ఆ పెరుగుదలలో 86% పథకం నుండి కాక బయటి పనుల నుండే వచ్చింది. బయటి కూలి రేట్లతోపాటు పని కూడా పెరిగింది, తగ్గలేదు.

పరిమితులు

దేశం మొత్తం మీద భృతి చెల్లించిన సందర్భాలు బహు అరుదు. 15 రోజుల లెక్కకు తేదీ వేసిన రసీదే ఆధారం. నోటిమాటగా పని అడిగి, రసీదు పొందని కూలీకి గడువు దాటినదని నిరూపించడం కష్టం.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో మరొక చట్టాన్ని ఆమోదించింది. అందులో పనిదినాల హామీ 100 నుండి 125కు పెరిగింది. అయితే విత్తనాలు వేసే, పంట కోసే కాలాలలో ఏడాదికి మొత్తం 60 రోజుల వరకు పనులు నిలిపివేయవచ్చును. కూలీలకు బేరమాడే బలం ఎక్కువగా ఉండే రోజులు కూడా అవే.