వెన్నుపూసకు సిమెంటు

మనుష్యుని మెడలో 7, వీపున 12, నడుమున 5, వెరసి 24 పూసలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. వయస్సు మీరినవారికి, ముఖ్యముగా స్త్రీలకు, ఎముకలు గుల్లబారును. అప్పుడు నీళ్ళబిందె నెత్తుటకు వంగినంత మాత్రమున ఒక పూస నలిగి క్రుంగిపోవచ్చును. పూర్వము దీనికి పడక, నడుముపట్టీ, నొప్పిమందులు తప్ప వేరు చికిత్స అరుదు. కోసి మరలు బిగింతమన్నను, గుల్లబారిన ఎముకలో మరలు గట్టిగా నిలువవు.

1984లో ఫ్రాన్సు దేశమందలి ఆమియెన్స్ నగరమున గాలిబేర్, దెరామోన్ అను వైద్యులు ఒక క్రొత్తమార్గమును త్రొక్కిరి. 54 ఏండ్ల స్త్రీ యొకతెకు మెడలోని రెండవ పూసను రక్తనాళముల గడ్డ తినివేయుచుండెను. వారు ఎక్స్-కిరణములతో చూచుచు, చర్మము గుండా సూదిని పూసలోనికి పంపి, పాలిమిథైల్ మెథాక్రిలేట్ అను ఎముక సిమెంటును ఎక్కించిరి. ఇది తుంటికీలు మార్చు శస్త్రచికిత్సలో అప్పటికే వాడుకలో నున్నది. పొడిని ద్రవముతో కలిపిన కొన్ని నిమిషములకు వేడి పుట్టి గట్టిపడును. ఆమె బాధ తగ్గెను. 1987లో ఈ విధానము ప్రకటింపబడెను. దీనికే వర్టిబ్రోప్లాస్టీ అని పేరు.

తరువాత గుల్లబారి క్రుంగిన పూసలకును దీనిని వాడసాగిరి. అయితే పలుచని సిమెంటు వెన్నుపాము వైపునకో, సిరలలోనికో కారు ప్రమాదము కలదు. అమెరికాలో మార్క్ రైలీ అను వైద్యుడు దీనికొక ఉపాయము కనిపెట్టెను. ముందుగా పూసలో చిన్న బుడగను ఉబ్బించి ఖాళీ చేసి, అందులో చిక్కని సిమెంటును మెల్లగా నింపవలెను. కైఫోప్లాస్టీ అను ఈ పద్ధతి 1998 నాటికి వాడుకలోనికి వచ్చెను.

రోగులనేకులు నొప్పి తగ్గినదనిరి. కాని తగ్గించినది సిమెంటేనా? క్రుంగిన పూస నొప్పి కొన్ని వారములలో చాలమందికి దానంతట అదే తగ్గును. నొప్పి తీవ్రముగా నున్నప్పుడే రోగి వైద్యుని యొద్దకు వచ్చును. కావున ఆపై ఏమి చేసినను గుణమిచ్చినట్లు తోచును.

దీనిని తేల్చుటకు జరిగిన రెండు పరీక్షల ఫలితములు 2009లో వెలువడెను. ఆస్ట్రేలియాలో 78 మందిని, కాల్మీస్ అను వైద్యుని నాయకత్వమున జరిగిన రెండవదానిలో 131 మందిని, చీట్లు తీసినట్లు రెండేసి జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు నిజముగా సిమెంటు ఎక్కించిరి. రెండవ జట్టునకు మత్తుమందు ఇచ్చి, వీపుపై ఒత్తి, గదిలో సిమెంటు ఘాటువాసన వ్యాపింపజేసిరి. సిమెంటు మాత్రము ఎక్కింపలేదు. ఎవరు ఏ జట్టులో నున్నారో రోగులకు తెలియదు. రెండు జట్లకును నొప్పి ఇంచుమించు సమానముగనే తగ్గెను!

వాదము అంతటితో ముగియలేదు. 2016లో ఆస్ట్రేలియాలోనే, పూస క్రుంగి ఆరువారములు దాటని 120 మందిపై జరిగిన పరీక్షలో, రెండువారముల తరువాత నొప్పి బాగుగా తగ్గినవారు సిమెంటు జట్టులో నూటికి 44, రెండవ జట్టులో 21. కాని 2018లో డచ్చివారు 180 మందిపై ఇట్లే పరీక్షింపగా చెప్పుకొనదగిన భేదము కనబడలేదు.

కనుక నేడు వైద్యులు ఈ చికిత్సను అందరికిని చేయరు. ఎవరికి చేయవలెనను విషయమున వారిలో వారికే భేదాభిప్రాయములున్నవి. రోగి "తగ్గినది" అనుట అబద్ధము కాదు. ఎందువలన తగ్గినదో తెలియవలెనన్నచో, చికిత్స పొందని రోగిని అతని ప్రక్కన నిలిపి చూడవలసినదే.