జీలీ: డీవీడీ కూడా కాపాడలేకపోయిన సినిమా

ఈసారి 2003 నాటి ఒక హాలీవుడ్ రొమాంటిక్ కామెడీ గురించి మాట్లాడుకుందాం. స్పెల్లింగ్ చూసి చాలామంది ‘గిగ్లీ’ అంటారు గానీ, పలకాల్సింది ‘జీలీ’. ఆ పేరు ఎలా పలకాలో సినిమాలో హీరోనే చెప్పుకోవాల్సి వస్తుంది, పాపం.

హీరో బెన్ ఆఫ్లెక్, హీరోయిన్ జెన్నిఫర్ లోపెజ్. అప్పట్లో ఇద్దరూ బయట కూడా జంటే, ఏ పత్రిక తిప్పినా వాళ్లే. సినిమా 2003 ఆగస్టు 1న వచ్చింది. బడ్జెట్ దాదాపు 7.5 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వసూలైంది 72 లక్షల డాలర్ల పైచిలుకు, అంతే. మొదటి వారం అమెరికాలో 2,215 థియేటర్లలో ఆడింది. మూడో వారాంతానికి మిగిలినవి 73! మనవాళ్ల భాషలో, డబ్బాలు తిరుగు టపాలో వచ్చేశాయి.

అయితే 2003లో ఫ్లాప్ అంటే కథ కంచికి వెళ్లినట్టు కాదు. ఎందుకంటే డీవీడీ ఉంది. వీహెచ్‌ఎస్ కాలంలో కొత్త సినిమా క్యాసెట్ ధర ఎక్కువగా అద్దె షాపులవాళ్లు భరించేట్టు ఉండేది. డీవీడీ వచ్చాక కూరగాయలు కొనే సూపర్‌మార్కెట్‌లోనే ఇరవై డాలర్లకు అటూ ఇటూగా డిస్క్ దొరికేది. 2003 జూన్‌లో, అంటే జీలీకి సరిగ్గా ముందు, వారంవారీ అద్దెల్లో డీవీడీ క్యాసెట్‌ని దాటేసింది. ఇంటి వీడియో ఎంత పని చేయగలదో చూడాలంటే ఆస్టిన్ పవర్స్ ఉంది. 1997లో మొదటి భాగం థియేటర్లలో ఓ మోస్తరుగా ఆడింది. వీడియోలో జనం చూసీ చూసీ, 1999లో రెండో భాగం మొదటి వారాంతంలోనే మొదటిదాని మొత్తం అమెరికా వసూళ్లను దాటేసింది.

జీలీ డీవీడీ డిసెంబర్ 9న వచ్చింది. నాలుగు నెలలే గ్యాప్. కానీ ఆ నాలుగు నెలల్లో పేరే ఒక జోక్ అయిపోయింది. జోక్‌ని డబ్బులిచ్చి ఎవరు కొంటారు?

నాకు అసలు బాధ వేరే. డిస్క్‌లో ఉన్నది థియేటర్లో ఆడిన కట్టే. దర్శకుడు మార్టిన్ బ్రెస్ట్ అల్లాటప్పా మనిషి కాదు. బెవర్లీ హిల్స్ కాప్, మిడ్‌నైట్ రన్ తీశాడు. ఆయన తీసిన సెంట్ ఆఫ్ ఎ వుమన్‌కి అల్ పచినోకి ఆస్కార్ వచ్చింది. జీలీకి స్టూడియోతో గొడవై పోస్ట్ ప్రొడక్షన్ నెలల తరబడి ఆగిందని, చివరికి బయటికొచ్చింది తను అనుకున్న సినిమా కాదని తర్వాత ఆయనే చెప్పాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కోడింగ్ అంతా అయ్యాక క్లయింట్ రిక్వైర్‌మెంట్ మారిస్తే ఏం డెలివర్ అవుతుందో మనకు తెలుసు.

ఇలాంటి సినిమాలకు డీవీడీయే అప్పీలు కోర్టు. రిడ్లీ స్కాట్ కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్ 2005లో నిరాశపరిచింది, ఏడాదికి డైరెక్టర్స్ కట్ డిస్క్‌లో వచ్చి గౌరవం తెచ్చుకుంది. జీలీకి అలాంటి కట్ ఇప్పటికీ రాలేదు. వస్తే గొప్పగా ఉండేదని నేననను. రెండు గంటల సినిమాలో నాకు నచ్చింది క్రిస్టఫర్ వాకెన్ వచ్చి వెళ్లే ఒక్క సీనే. కానీ చూసి తేల్చుకునే అవకాశం లేదు.

మరుసటి ఏడాది చెత్త సినిమాలకిచ్చే రాజ్జీలు ఆరు వచ్చాయి. ఆఫ్లెక్ తర్వాత దర్శకుడయ్యాడు, అతని ఆర్గో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. లోపెజ్ కెరీర్‌కీ ఏం కాలేదు. బ్రెస్ట్ మాత్రం ఆ తర్వాత ఒక్క సినిమా కూడా తీయలేదు.